అమ్మమ్మ గొంతున్న హార్డ్ డిస్కు

పాత కంప్యూటర్ పక్క రేకు విప్పగానే గుప్పుమన్న దుమ్ములో విభూతి వాసన తగిలింది. ఆయుధపూజకి కత్తిపీటతో పాటు దీనికీ బొట్టు పెట్టే ఇల్లు మాది. ఎప్పటి కుంకుమో ఫ్యాన్ రెక్కలకి అతుక్కుని ఉంది. బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో రిపేరు షాపు నడిపే తమిళాయన అది చూసి నవ్వాడు గానీ, హార్డ్ డిస్కు టిక్కు టిక్కుమనేసరికి నవ్వు ఆపేశాడు. కొత్తది వెయ్యాల్సిందే, చోటు తక్కువున్నా వేగంగా పనిచేసేది కావాలా, నెమ్మదిగా నడిచినా చోటెక్కువున్నది కావాలా అని తమిళంలో అడిగాడు. చోటెక్కువున్నదే ఇమ్మన్నాను. పాతదాంట్లో చచ్చిపోయిన మా అమ్మమ్మ కథలున్నాయి, ముందు వాటిని బయటికి తియ్యమన్నాను. "కాపీ సేసి ఉంచవే" అని అమ్మ ఏళ్ళ తరబడి పోరుతుంటే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నదాన్ని, ఇప్పుడు ఆయన్ని తొందరపెడుతున్నాను. సిగ్గేసింది.

తెలుక్ ఇంటాన్ ఊళ్ళో మా చిన్నప్పుడు ఉగాదంటే చెమట్లు కారే ఎండ, పక్కింటి వాళ్ళ చెట్టు నుంచి దులుపుకొచ్చిన వేపపూత, బెల్లం బదులు ఇక్కడి కొబ్బరిబెల్లం గులా మలాకా కలిపి అమ్మమ్మ చేసిన పచ్చడి, దాన్ని మింగలేక మేం పెట్టే వికారపు మొహాలు. కొబ్బరి ఎస్టేటులో పుట్టిన మనిషి అమ్మమ్మ. మధ్యాహ్నం అన్నాలయ్యాక చాప మీద కాళ్ళు బారజాపుకుని, వక్క నములుతూ, వాళ్ళమ్మ విశాఖ వైపు నుంచి ఓడెక్కి, సముద్రం దాటి ఈ దేశానికి కూలికి వచ్చిన సంగతి మొదలుపెడితే, రేకుల మీద సాయంకాలపు వాన పడేదాకా ఆపేది కాదు. కంప్యూటర్ కొన్న ఏడాది అమ్మ మైకు తెచ్చి, ఆ కథలన్నీ పట్టి ఉంచే పని నాకు అప్పగించింది. అమ్మమ్మ మైకుని చూసి సిగ్గుపడి కొంగు సర్దుకోవడం నాకు బాగా గుర్తు.

షాపాయన ఒక కథ మోగించాడు. అమ్మమ్మే! "మాయమ్మ ఓడెక్కినప్పుడు..." అందో లేదో, ఓ పిల్ల గొంతు వచ్చీరాని తెలుగులో, ఇక్కడి వాళ్ళందరిలా మాటకో "లా" తగిలించి అడ్డం పడింది. "అయ్యో, తమిళ్‌లో సెప్పు లా అమ్మమ్మా! తెలుగు నాకు తెలీదు."

ఆ పిల్ల నేనే. అమ్మమ్మ "సరేలేయే" అని, కూడబలుక్కుంటూ తమిళంలో అందుకుంది. రెండో కథా తమిళమే, మూడోదీ తమిళమే. ఇక నేను అడ్డుపడాల్సిన అవసరమే రాలేదు. పెద్దయ్యాక తెలుగు పట్టుబట్టి నేర్చుకుంది ఈ కథల కోసమే అని, వీటిని ఒక్కసారీ తెరిచి వినకుండానే అందరికీ గొప్పలు చెప్పుకున్నాను. తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి అమ్మకి వినిపించాను. మొదట మురిసిపోయింది, తర్వాత నుదురు చిట్లించింది.

"మాతో ఒక్క తమిళం ముక్క ఆడినాది కాదే మాయమ్మ. నీ కోసం నేర్సుకున్నాది." నా వైపు తిరిగి, "తెలుగులో సెప్పింది ఒక్కటీ లేదేటే?" అంది.

లేదన్నాను. నాలుగు తిట్టినా బాగుండేది, తిట్టలేదు. అమ్మమ్మ పోయింది, ఆ చాప మీది మధ్యాహ్నాలు పోయాయి, మా ఇంట్లో పుట్టుకతో తెలుగు వచ్చిన మనిషి ఇప్పుడు అమ్మ ఒక్కతే. ఫోన్‌లో రికార్డు నొక్కి ఆవిడ ముందు పెట్టాను.

"ఆ ఓడ కథ నువ్వు చెప్పమ్మా."

అమ్మ కొంగు సర్దుకుని, నా మొహంలోకి చూసి మెల్లగా అడిగింది.

"ఏ బాసలో సెప్పమంటావే?"