చెవి వెనుక పెన్ను

తెలుగునేలకు దూరంగా, గోడాదరా అనే చోట మగ్గాల కార్ఖానాలో బట్ట తనిఖీ చేసే బిక్షపతి చెవి వెనుక ఎప్పుడూ పెన్ను ఉంటుంది. అక్కడి తెలుగువాళ్లలో ఇంగ్లిషు రాయగలిగినవాడు అతనొక్కడే. బట్ట మీద నూనె మరక ఒకటికి మించితే చాలు, నాలుక కొస బయటపెట్టి చీటీ మీద గుండ్రంగా ‘మెనీ’ అని రాస్తాడు. ఆదివారం కూతురు సుమన పాఠంలో ‘సెవరల్’ అనే మాట కనిపించింది.

“గిది గూడ మెనీయే గద బిడ్డా?”

“కాదు బాపూ. సెవరల్ అంటే నాలుగైదు. మెనీ అంటే మస్తు.”

బిక్షపతి చెవులు వేడెక్కాయి. మొన్న పరమేశ్ నేసిన బట్టలో ఉన్నవి నాలుగే మరకలు. ‘మెనీ’ అన్న చీటీ చదివిన సేఠ్, బట్ట చూడకుండానే అతణ్ని పనిలోంచి తీసేశాడు.

సాయంత్రం ఆ పరమేశే గుమ్మంలోకి వచ్చాడు. “అన్నా, నాలుగే మరకలని నీకెరుకే గద. సేఠ్‌కు ఇంగ్లిషుల జర రాసియ్యవా?”

బిక్షపతి తలెత్తలేదు. “రీఫిల్ అయిపోయింది తమ్మీ.”

సుమన లోపలి నుంచి తన పెన్ను తెచ్చి బాపు చేతిలో పెట్టింది.