పరుపుల సాయిబు, నా మిద్దె, బోండమ్మ పిల్లలు

మా పక్కింటి పరుపుల సాయిబు పోయాడు. ఆ సంగతి అతని కొడుకు వచ్చి చెప్పినప్పుడు నా ఒడిలో కుక్కపిల్ల ఉంది. తడిగుడ్డతో దాని పొట్టకింద తుడుస్తున్నాను. కళ్లు సరిగ్గా తెరవని పిల్లలకు అలా తుడిస్తేనే ఒంటికి పోస్తాయి. మధ్యలో ఆపకూడదు. అందుకని లేవలేకపోయాను.

"మా నాయన పోయినాడు పెదనాయనా," అన్నాడు గడప అవతల నిలబడి.

"ఎప్పుడు?"

"ఇప్పుడే. టీ తాగినాడు. గ్లాసు కింద పెట్టినాడు. అంతే."

అంతకు కాసేపటి ముందే నా గదిలోంచి లేచి ఇంటికి పోయాడు సాయిబు. పిల్లల కాపలా వంతు నాకు అప్పజెప్పి, గడప దగ్గర వెనక్కి తిరిగి, "ఆ మూలోడు సరిగ్గ తాగలేదన్నా, సూసుకో," అని మూలన పడుకున్న కుక్కపిల్లను చూపించాడు. నాతో అన్న ఆఖరి మాట అదే.

"మజ్జాన్నం నమాజు అయినాక ఎత్తుతారు. నువ్వు రావల్ల," అన్నాడు కొడుకు.

రావాలి. పిడికెడు మట్టి వెయ్యాలి. అంత చనువైన మనిషి నాకు ఈ ఊళ్లో ఇంకొకరు లేరు. కానీ ఆ గది విడిచి పోవడానికి లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే సాయిబు సంగతంతా చెప్పాలి. నాకు రాయడం అలవాటు లేదు. తెలిసినట్టు రాస్తున్నాను.

నల్లమాడ దగ్గర మా ఊరు. సాయిబు దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఒకసారి హిందూపురంలో ఏదో లాడ్జికి పరుపులు కుట్టను పోయి, వచ్చేటప్పుడు ఆటోలో బుల్‌డాగ్‌ను తెచ్చాడు. లాడ్జి ఆయన దాన్ని బెంగుళూరు నుంచి మోజుపడి తెచ్చి రేకుల షెడ్డు కింద కట్టేసినాడంట. మొరగదు, పరిగెత్తదు, ఎండకు నాలుక వేలాడేసుకుని పడుంటుంది, నాకు దేనికి, తీసుకుపో అన్నాడంట.

ఊళ్లో దాన్ని చూసి నవ్వనివాళ్లు లేరు. అంగడి దగ్గర ఒకడు, "ఏం సాయిబూ, దీని మొగం నువ్వే కుట్టినావా? ఇన్ని మడతలుండాయి," అన్నాడు.

"కుట్టినా. దూది పట్టలేదు. మిగిలిన గుడ్డ యాడ పెట్టల్ల మరి," అన్నాడు సాయిబు.

దానికి బోండమ్మ అని పేరు పెట్టాడు. చూస్తే ఆ పేరే తోస్తుంది.

ఆ జాతికి ముక్కు లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. ఊపిరి సరిగ్గా ఆడదు. ఎండ అసలు ఓర్చుకోలేదు. సాయిబుది స్లాబు ఇల్లు. ఎండాకాలం ఆ ఇంట్లో మనుషులే ఉండలేరు. పైగా ఇంట్లో నమాజు చేస్తారు, కుక్క గడప దాటకూడదు. నాది పాత మట్టిమిద్దె. రాతిగోడలు, కింద బండలు, ఒకే గది. ఆ ఏడాదే నా భార్య పోయింది. గదిలో నేనొక్కణ్ణే ఉండేవాణ్ణి.

"అన్నా, నీ మిద్దె సల్లగుంటాది. మజ్జాన్నం పూట ఈమెను ఈడ పండుకోనీ," అని అడిగాడు.

తల ఊపాను. ఆ మధ్యాహ్నం ఇంకా అయిపోలేదు అనుకోవాలి.

బోండమ్మ మొదటిసారి చూలుతో ఉన్నప్పుడు డాక్టరు చెప్పాడు, ఈ జాతికి పిల్లల తలకాయలు పెద్దవి, ఆపరేషన్ చేసి తియ్యాల్సిందే అని. చల్లటి పొద్దున తడి గోనెపట్టలు పరిచి ఆటోలో హిందూపురం తీసుకుపోయాం. తీసిన పిల్లలు తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. ఊపిరి లేదు. సాయిబు ఒకదాన్ని ఏకిన దూదిలో పెట్టి రుద్దడం మొదలుపెట్టాడు. ఇంకొకటి నా చేతిలో పెట్టాడు.

"నాకు రాదప్పా," అన్నాను.

"ఎవరికొచ్చు? రుద్దు. ఏడ్సేదాకా రుద్దు."

రుద్దాను. చాలాసేపటికి నా అరచేతిలో కీచుమని ఒక చిన్న ఏడుపు వచ్చింది. సాయిబు నా మొహం చూసి, తన చేతిలోదాన్ని చూసుకుని, "ఏడ్సినాడన్నా మీవోడు," అన్నాడు. మా ఇంట్లో పిల్లలు పుట్టినప్పుడు నేను బయట నిలబడినవాణ్ణి. పుట్టుక అంత దగ్గరగా అదే చూడడం.

అక్కడి నుంచి గది మొదలైంది.

బోండమ్మకు పిల్లల మీద ప్రేమ ఉంది. ఒళ్లు మాత్రం తెలియదు. ఎక్కడ పడితే అక్కడ దబ్బున కూలబడుతుంది. కింద పిల్ల ఉన్నా తెలియదు. చెక్కలతో అడ్డం కట్టి దాన్ని అందులో పండబెట్టాం. సాయిబు నాలుగు వైపులా పొడుగు బాలీసు కుట్టి, గట్టిగా దూది కూరి, గోడకు కొంచెం ఎడంగా కట్టాడు. తల్లి గోడకు ఆనుకుంటే పిల్ల ఆ సందులోకి జారి బతుకుతుంది. అయినా నమ్మడానికి లేదు. నేను కడవతో నీళ్లు తెచ్చుకునేంతలో ఒక పిల్ల దాని కింద పడి పోయింది. సరే, పిల్లల్ని విడిగా గంపలో పెట్టి చూద్దామని ఒకసారి గంపను అటక మీద పెట్టాం. పాలవాసనకు ఎర్రచీమలు పట్టాయి. తుడిచి కాపాడేసరికి మా ప్రాణం పోయింది.

"ఇంక ఎవరో ఒకరం ఈడ ఉండల్ల అన్నా. చావుకైనా పెళ్లికైనా ఇంకొకరు పోవల్ల," అన్నాడు సాయిబు.

మూడో మనిషిని పెట్టడానికి కూడా లేదు. మేమిద్దరం కాక ఎవరు లోపలికి వచ్చినా బోండమ్మ లేచి గిరగిరా తిరుగుతుంది, పిల్లల్ని తొక్కుతుంది. ఇద్దరమే. ప్రతి ఈతకూ పిల్లలు పుట్టింది మొదలు, పళ్లు వచ్చి, సంగటి నాకి, గడప ఎక్కి దొర్లి పడేదాకా.

ఆ గది గురించి ఏమని రాయను. ఒక చిన్న కిటికీ. అందులోంచి ఎండ ఒక పలకలా లోపలికి వచ్చి, బండల మీద మెల్లగా జరిగి, గోడెక్కి పోతుంది. అది చూస్తూ కూర్చోవాలి. తల్లి గురక, పిల్లల గురక. పాలవాసన, ఉచ్చవాసన. కాళ్లు తిమ్మిరెక్కుతాయి. ఎక్కడికీ పోలేము. బంధువుల పెళ్లిళ్లు పోయాయి. సాయిబుకు పెనుకొండ ఉరుసుకు పోవాలని ఎంతో ఆశ. ప్రతి ఏడాదీ, "ఈ ఈత కానీ, పోదాం," అనేవాడు. పోలేదు.

ఒకసారి నాకు విసుగొచ్చింది. "నన్ను కట్టేసినావప్పా నువ్వు. కుక్కకైనా గొలుసు లేదు, నాకుండాది," అన్నాను.

సాయిబు పిల్లకు సీసాపాలు పడుతున్నాడు. తల ఎత్తలేదు. "కట్టెయ్యకుంటే నువ్వు మళ్లా ఆ బాయి గట్టుకు పోతావు," అన్నాడు.

నా భార్య పోయిన కొత్తలో నేను రోజూ మా చేని బావి గట్టు మీద కూర్చునేవాణ్ణి. నీళ్లు లేని బావి. ఎందుకు కూర్చునేవాణ్ణో ఎవరికీ చెప్పలేదు. నన్ను ఎవరూ చూడలేదనుకున్నాను.

పిల్ల సీసా ఖాళీ చేసేదాకా పట్టాడు. తర్వాత అతనే, "పట్టు దీన్ని, తేపు తెప్పించల్ల," అని పిల్లను నా భుజాన వేశాడు. మళ్లీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. మిద్దె చల్లగా ఉందని నా ఇల్లు అడిగాడని అంతవరకు అనుకున్నాను.

అతని అలవాట్లు కొన్ని రాయాలి. పరుపుల సూది ఎప్పుడూ చొక్కా కాలరుకు గుచ్చి ఉండేది. పిల్లల గదిలోకి వచ్చేముందు దాన్ని తీసి నా వాకిలి చట్రానికి గుచ్చేవాడు. ఒక్కసారి కూడా మరిచిపోలేదు. పిల్లలకు పేర్లు పెట్టనిచ్చేవాడు కాదు. "పేరు తీసుకుపోయేవాళ్లు పెట్టుకుంటారు. మనం పెడితే మనదైపోతాది. అప్పుడు ఇయ్యలేం," అనేవాడు. పండుకున్న చోటును బట్టి మూలోడు, కిటికీ పిల్ల, గడపోడు అని పిలిచేవాడు.

కొనడానికి వచ్చినవాళ్లను మొదట ఒకే మాట అడిగేవాడు. "మజ్జాన్నం ఇంట్లో ఎవరుంటారు?"

ఎవరూ ఉండరంటే టీ ఇచ్చి పంపించేవాడు. గోరంట్ల నుంచి ఒకాయన తోటకు కాపలా కుక్క కావాలని వచ్చాడు. "దొంగొస్తే పట్టుకుంటాదా?" అని అడిగాడు.

"దొంగొస్తే లేస్తే కదా పట్టుకునేది. ఆ గురక ఇని దొంగే భయపడల్ల," అన్నాడు సాయిబు. ఆయన నవ్వి వెళ్లిపోయాడు.

మదనపల్లెలో రిటైరైన నర్సమ్మ ఒకామె వచ్చింది. ఇంట్లో తనూ, తన చెల్లెలూ. మధ్యాహ్నం ఇద్దరూ ఉంటారు. ఊరు కూడా కొంచెం చల్లన. ఆమెకు ఒకదాన్ని ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు బోండమ్మ పడుకునే పరుపులోంచి కొంత దూది తీసి, దాంతో మూరెడు చిన్న పరుపు కుట్టి పిల్లతోపాటు పంపించేవాడు. "ఒక నెల దీన్ని ఉతకొద్దమ్మా. వాసనకు తల్లి ఈడే ఉండాదనుకుంటాది," అని చెప్పేవాడు. పిల్లను పంపించిన రోజు మాత్రం సాయిబు అన్నం తినేవాడు కాదు. కడుపులో మంటగా ఉందనేవాడు.

ఈసారి వచ్చినవాళ్లను ఆ మధ్యాహ్నం మాట నేనే అడగాలి.

సాయిబు పోయిన రోజుకు వస్తాను. గోడ అవతల ఏడుపులు వినిపిస్తున్నాయి. ఊరి మగవాళ్లంతా అక్కడే ఉన్నారు. ఎండ పలక బండల మీద జరుగుతోంది. అది గోడ ఎక్కడం మొదలుపెడితే నమాజు వేళ. నేను కూర్చున్నాను. మూలోడు పాలు పట్టలేదు. మళ్లీ పట్టించాను. జనాజాను నా వాకిలి ముందునుంచే మోసుకుపోతారు కదా, గడపలో నిలబడి దణ్ణం పెడితే చాలదా అనుకున్నాను. చాలదు. ఎంత నచ్చజెప్పుకున్నా చాలలేదు.

పిల్లల్ని తల్లి దగ్గర కడుపునిండా తాగనిచ్చి, గంపలో పరుపు వేసి, అందులో పెట్టాను. గంప చుట్టూ తడి గోనెపట్ట చుట్టాను. బోండమ్మను లోపల పెట్టి తలుపు వేశాను. గొడుగు పట్టుకుని జనం వెనక నడిచాను.

ఖబరస్తాన్ గేటు దగ్గర ఒకతను, "ఏమి పెద్దాయనా, ఈడికి కూడా కుక్కల్ని తెచ్చినావా?" అన్నాడు. మసీదు పెద్దాయన దగ్గరికి వచ్చి మెత్తగా చెప్పాడు, "నువ్వు రా అప్పా. అవి మాత్రం లోపలికి వద్దు."

నిజమే. వద్దు. గంప ఎవరికివ్వను? కొందరు ముట్టరు. కొందరికి భయం. అందరూ లోపలికి పోయారు. నేను గేటు బయట గంప పట్టుకుని నిలబడ్డాను. గోనెపట్ట అప్పుడే ఆరిపోతోంది.

అంతలో మాజీ సర్పంచి కారు వచ్చింది. తెల్లబట్టల్లో దిగాడు. పెద్దింటివాడు. వాళ్ల ఇంట్లో ఎవరినీ నేను ఎప్పుడూ ఏదీ అడిగినవాణ్ణి కాదు.

"ఏం మామా, బయటే నిలబడినావు?" అన్నాడు.

"కారులో ఏసీ ఉండాదా?" అన్నాను.

"ఉండాది. ఏమి?"

"కూకో. ఇది పట్టుకో."

అతను గంపలోకి చూశాడు. డ్రైవరు వైపు చూశాడు. "నువ్వు పట్టుకోరా."

"బండి ఆఫ్ కాకుండా సూసుకోవల్ల కదన్నా నేను," అన్నాడు డ్రైవరు. వాడికి భయం.

మాజీ సర్పంచి ఇంకోసారి నా మొహం చూశాడు. ఏం కనిపించిందో తెలియదు. లోపల కూర్చుని చేతులు చాపాడు. గంప ఒళ్లో పెట్టాను.

"మరీ సల్లగ పెట్టొద్దు. కదలొద్దు. ఒకటి మీద ఒకటి ఎక్కితే పక్కకు జరుపు," అని చెప్పాను. నా జీవితంలో ఒక పెద్దమనిషితో అన్ని మాటలు ఒకేసారి మాట్లాడింది అప్పుడే.

లోపలికి పోయాను. సాయిబు కొడుకు నన్ను చూసి జరిగి చోటిచ్చాడు. అందరిలాగే మూడుసార్లు మట్టి వేశాను. చేతికి ఇంకా పాలవాసన ఉంది. మనసులో ఏమైనా చెప్పాలనుకున్నాను. "మూలోడు తాగినాడప్పా," అన్నదొక్కటే వచ్చింది.

కారు దగ్గరికి తిరిగి వచ్చేసరికి మాజీ సర్పంచి కదలకుండా అలాగే కూర్చుని ఉన్నాడు. తెల్లపంచె మీద తడి మరక. జేబులో ఫోను మోగుతోంది.

"ఎత్తు ఫోను. నేను పట్టుకుంటా. పోయి మట్టి ఏసి రా," అన్నాను.

"వద్దు మామా. ఇదిప్పుడే పండుకుండాది, కదిలిస్తే లేస్తాది. నేను మూడోనాటికి వస్తాలే. నువ్వు ముందర కూకో, ఇంటికాడ దింపుతా." డ్రైవరుతో, "మెల్లగ పోరా. గుంతలు సూసుకో," అన్నాడు.

కారు మనిషి నడక కంటే మెల్లగా కదిలింది. మట్టి వేసి తిరిగొస్తున్నవాళ్లు వెనకనుంచి వచ్చి మమ్మల్ని దాటుకుని పోతున్నారు. దాటేటప్పుడు ఒక్కొక్కరూ అద్దానికి చెయ్యి ఆనించి, వంగి, లోపలికి చూశారు. ఊరు చేరేసరికి ఆ అద్దం నిండా ఎర్రమట్టి చేతులు.