తిత్తి మోసిన బీబీజాన్

నడక ఒంటికి మంచిదని ఎవరైనా అంటే చాలు, బీబీజాన్‌కు ఒళ్ళు మండేది. "వీపు మీద మూట లేకుంటే మంచిదే," అనేది. నాకు ఊహ తెలిసేసరికే ఆమె ముసలిది. మదనపల్లెలో మా ఇంటి ఎదురుగా వాళ్ళది రేకుల వసారా. సాయంత్రాలు అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చునేది. కదిలిస్తే తన మొదటి ప్రయాణం గురించి చెప్పేది. చెప్పినప్పుడల్లా మొగుడికి నాలుగు తిట్లు ఎక్కువ పడేవి. ఆ తిట్లు వినడానికే నేను మళ్ళీ మళ్ళీ అడిగేదాన్ని.

ఆమె భర్త ముక్తియార్ గిన్నెలకు కళాయి పూసేవాడు. ఇత్తడి గిన్నెలో తగరం పూత పోతే చింతపండు పులుసు చిలుమెక్కుతుంది, తిన్నవాళ్ళకు కడుపులో తిప్పుతుంది. అందుకని ఏడాదికోసారి ఊరికి కళాయివాడు రావాల్సిందే. ముక్తియార్ తిరిగే దారి వాళ్ళ నాయన నాటిది. మదనపల్లెలో బయలుదేరితే పుంగనూరు, అక్కడి నుంచి పల్లెపల్లెలో ఆగుతూ వెంకటగిరికోట, చివరికి కుప్పం. ఆ దారిలోని ఊళ్ళన్నీ అతనివి, ఇంకో కళాయివాడు అటు తొంగిచూడడు. అయితే ఆ హక్కు నిలవాలంటే ఏటా కనబడాలి. ఒక ఏడు రాకపోతే ఊరు ఓర్చుకుంటుంది. రెండో ఏడూ రాకపోతే ఎవరు ముందొస్తే వాళ్ళ ముందే గిన్నెలు పెడుతుంది.

యుద్ధం రోజులు. జపానువాళ్ళు మలయా పట్టుకున్నాక అక్కడి నుంచి వచ్చే తగరం కరువై, ఒక ఏడంతా ముక్తియార్ ఇంట్లోనే కూర్చున్నాడు. మరుసటి ఏడు బెంగళూరులో ఎవరెవరినో బతిమాలి కొన్ని కడ్డీలు సంపాదించాడు. తగరం దొరికేసరికి మనిషి కరువయ్యాడు. ఎప్పుడూ వెంట వచ్చి, నిప్పుకు గాలి కొట్టే తోలుతిత్తి ఊదే తమ్ముడు జమాలుద్దీన్ పట్టాళంలో చేరిపోయాడు. దారి చేజారితే ఇక బతికేదెట్లా అని మొగుడు రాత్రీ పగలూ గొణుగుతుంటే వినలేక, "తిత్తి నేనూదుతా, పద," అంది బీబీజాన్. అప్పటికి ఆమె పుంగనూరు ముఖం కూడా చూడలేదు.

ముక్తియార్ ఒప్పుకున్నాడు కానీ ఒక షరతు పెట్టాడు. "తిత్తి దగ్గర కూసో. గంగాళం జోలికి మాత్రం రాగూడదు. అన్నం వండే దాంట్లో ఆడదాని కాలు పడగూడదని మా నాయన సెప్పినాడు."

ఈ షరతు ఎందుకంటే, పెళ్ళిళ్ళకు వంటచేసే పెద్ద గంగాళం చేత్తో తోమితే లొంగదు. లోపల తడి ఇసుక, కొబ్బరిపీచు వేసి, కళాయివాడు అందులోకి దిగి నిలబడతాడు. పక్కన పాతిన గుంజను పట్టుకుని నడుము అటూ ఇటూ తిప్పుతూ మడమలతో రుద్దుతాడు. పాత మురికంతా వదిలి ఇత్తడి బయటపడితేనే తగరం అంటుకుంటుంది. చేతులు తర్వాత, ముందు కాళ్ళు. "మన కూడు ఈ మడమల్లో ఉండాది," అని ముక్తియార్ రోజూ వాటికి ఆముదం రాసుకునేవాడు.

అంత మురిపెంగా చూసుకునే మడమలకు అతనే కీడు తెచ్చుకున్నాడు. తమ్ముడు సెలవులో వచ్చినప్పుడు ఒక జత పట్టాళం బూట్లు అన్నకిచ్చి పోయాడు. దూరం నడిచేటప్పుడు బూట్లేసుకుంటే మడమలు అరగకుండా పనికి దాచుకోవచ్చని ముక్తియార్‌కు మహా గొప్ప ఆలోచన వచ్చింది. పుట్టినప్పటి నుంచి చెప్పులు కూడా ఎరగని కాళ్ళు అవి. బూట్లు వదులైతే పాతగుడ్డలు కుక్కాడు. బయలుదేరిన పొద్దున వీధిలో టకటకమని నడుస్తుంటే అందరూ తలుపులు తీసి చూశారు. "కలెక్టరు పోతాండాడు, వెనకాల నేను డవాలా బంట్రోతును," అనేది బీబీజాన్.

బంట్రోతు వీపున తోలుతిత్తి, దాని ఇనుప గొట్టం, బొగ్గుల సంచి. కలెక్టరు తల మీద పనిముట్ల మూట, భుజాన వండుకునే సామాను. ఊరు దాటేసరికే తాడు ఆమె భుజాల్లోకి దిగింది. కొంగు మడిచి తాడు కింద పెట్టుకుంది. కాసేపటికి కొంగు జారిపోయింది. మళ్ళీ పెట్టుకుంది. బొగ్గుతో నడిచే బస్సు ఒకటి పొగ కక్కుకుంటూ వాళ్ళను దాటిపోయింది. ఆమె దాని వైపు ఆశగా చూసింది.

"బస్సెక్కితే మద్దెలో ఊళ్ళు ఎవురు సూస్తారు?" అన్నాడు ముక్తియార్, ఆమె ఏమీ అడగకుండానే.

పుంగనూరు చేరేసరికి ఆమెకు మాట కూడా బరువైంది. మసీదు పక్కన తెలిసినవాళ్ళ పంచలో మూటలు దించారు. తిత్తి దించాక కూడా వీపు వంగే ఉంది. చేతులు పైకి లేవక రొట్టె ఒళ్ళో పెట్టుకుని తలవంచి తింది. ఏడుపు వచ్చింది. ఏడవడానికి కూడా ఓపిక లేక గోడకు ఆనుకుని నిద్రపోయింది. ఇంకా కుప్పం ఎక్కడుందో దేవుడికెరుక.

మర్నాడు టకటక చప్పుడు మారింది. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు ఈడ్చుకుంటూ పడుతోంది. "ఏమైంది?" అంటే "ఏం కాలేదు," అన్నాడు. మధ్యాహ్నం కానుగ చెట్టు కింద ఆగినప్పుడు కూడా బూట్లు విప్పలేదు. విప్పితే మళ్ళీ ఎక్కవని భయం. మొగవాళ్ళ మొండితనానికి మందు లేదు. ఆమెకు కోపం వచ్చింది కానీ కోప్పడటానికి ఊపిరి మిగల్లేదు. ఇద్దరూ రాళ్ళదారిలో నడిచారు.

వాళ్ళు చేరాల్సిన మొదటి పల్లె పుంగనూరుకు ఆవల ఉంది. అక్కడ మునిలక్ష్మమ్మ ఇంట్లో పెళ్ళి. మునిలక్ష్మమ్మ మొగుడు పోయాక సేద్యమూ ఇల్లూ తనే నడుపుకొచ్చిన మనిషి. ఊళ్ళో ఆడవాళ్ళకు ఆమె మాటంటే గురి. ఆమె గిన్నెలు ఎవరికిస్తే ఊరంతా వాళ్ళకే ఇస్తుంది.

ఆమె ముక్తియార్‌ను చూసి పలకరింపుగా కూడా నవ్వలేదు. "ఏమప్పా, బతికే ఉండావా? పోయినేడంతా సిలుము పులుసే తిన్యాం. ఈ ఏడూ రావనుకోని కోలారు కళాయాయనకు సెప్పి పంపినా. రేపు వస్తాండాడు."

"నేనొచ్చినా కదమ్మా. ఈపొద్దే సేసిస్తా."

"సెయ్యి, సూస్తాం. ఎల్లుండి వంట మొదలుపెట్టల్ల. గంగాళం ఈపొద్దు కాకుంటే రేపు ఆయనకే ఇస్తా. తప్పుగా అనుకోవద్దు."

కోలారువాడు ఈ వాకిట్లో కూర్చున్నాడంటే ఆగడు. ఊరి తర్వాత ఊరు, కుప్పం దాకా పోతాడు. అది ఇద్దరికీ తెలుసు. బీబీజాన్ నిప్పుకు గుంట తవ్వి తిత్తి గొట్టం అమర్చింది. ముక్తియార్ అటు తిరిగి కూర్చుని బూట్లు విప్పాడు. గుడ్డలు చర్మంతో పాటు ఊడివచ్చాయి. గబుక్కున గంగాళంలోకి దిగి గుంజ పట్టుకున్నాడు.

ఒకసారి తిరిగాడు. రెండోసారి తిరిగేటప్పుడు అతను పళ్ళు బిగబట్టడం ఆమె చూసింది. తడి ఇసుకలోంచి ఎర్రటి నీళ్ళు ఊరాయి. పెళ్ళి గంగాళంలో నెత్తురు. ఇంటివాళ్ళు చూస్తే ఆ గిన్నెను, ఆ తర్వాత ఈ మనిషిని, మళ్ళీ వాకిట్లోకి రానిస్తారా?

బీబీజాన్‌కు ఒక్కసారిగా అలసటంతా కోపమైంది. తిత్తి వదిలేసి లేచింది.

"బయటికి దిగు," అంది.

"నువ్వు కూసో."

"దిగమంటాండా కదా! నడిసి నడిసి సచ్చినా నేను. ఈడికొచ్చి దారి పోగొట్టుకోనేదానికా?"

అరుపుకు మునిలక్ష్మమ్మ పంచలోంచి వచ్చింది. వెనకే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు. గంగాళంలోకి చూశారు. ముక్తియార్ తల వంచుకుని అలాగే నిలబడ్డాడు. దాచడానికి ఇక ఏమీ లేదని బీబీజాన్‌కు అర్థమైంది.

"అమ్మా, ఆయన మడమలు పోయినాయి," అంది. "గంగాళం మంటలో కాలుస్తాం. ముందు నీళ్ళతో కడిగేస్తా, కొత్త ఇసక పోస్తా. నేను తొక్కుతా. అయితే ఆడదాని కాలు పడగూడదని మావాళ్ళంటారు. మీరేమంటారో సెప్పండి. వద్దంటే ఇట్లే మూట కట్టుకోని పోతాం."

మునిలక్ష్మమ్మ గంగాళం వంక చూసింది. తర్వాత బీబీజాన్ కాళ్ళ వంక చూసింది. దుమ్ము కొట్టుకుని, వేళ్ళ మధ్య పగిలి, చీలమండల దగ్గర ఉబ్బిన కాళ్ళు.

"మదనపల్లె నుంచి నడిసే వచ్చినావా?"

"ఆ."

"తిత్తి మోసుకోని?"

"ఆ."

మునిలక్ష్మమ్మ ఇంటి గోడ మీద చెయ్యి వేసింది. "ఈ గోడలకు మట్టి తొక్కింది నా కాళ్ళే. వంటింటికీ నేనే తొక్కినా. ఆ మద్దెనే కదా ఇన్నాళ్ళూ వండుకోని తింటాండాం. ఎవురికీ ఏమీ కాలేదే." పక్కనున్న ఆడవాళ్ళ వైపు తిరిగి, "యాల సూస్తారు, బిందెతో నీళ్ళు తెండి. సాయిబు కాళ్ళకు పసుపు తెండి," అంది.

ముక్తియార్ బయటికొచ్చాక గంగాళం కడిగి, కొత్త ఇసుక పోసి, బీబీజాన్ చీర ఎగదోపుకుని అందులోకి దిగింది. మొదట కాలు తిరగలేదు, జారింది. పంచలోని పిల్లలు నవ్వారు. గుంజ పట్టుకుని మళ్ళీ తిరిగింది. ఇసుక పగుళ్ళలోకి దిగి సుర్రుమంది. నడిచిన దూరమంతా మోకాళ్ళలో ఉంది. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలిసి ఆగలేదు. ముక్తియార్ పసుపు పెట్టిన కాళ్ళు చాపుకుని, ఆమె కూర్చోవాల్సిన చోట కూర్చుని తిత్తి ఊదాడు. పొద్దు వాలే వేళకు గంగాళం నిప్పు మీదికెక్కింది. తగరం అంటడానికి చల్లిన నవాసాగరం పొగ కమ్ముకుంది. తగరం కడ్డీ తాకించి గుడ్డతో తుడిస్తే లోపల తెల్లగా మెరిసింది.

మునిలక్ష్మమ్మ వంగి చూసి తన ముఖం కనబడిందో లేదో సరిచూసుకుంది. "సరే, రేపు ఊరోళ్ళ గిన్నెలు కూడా తెమ్మంటా," అంది. కోలారాయన మర్నాడు వస్తే అతనికి మజ్జిగ ఇచ్చి, మా ఊరికి కళాయోళ్ళు వచ్చినారప్పా అని పంపేసింది. కళాయోళ్ళు అనడం బీబీజాన్ చెవిన పడింది. అంతకు ముందు వరకూ ఎవరన్నా కళాయాయన అనే అనేవారు.

ఆ ఊరి పని ముగిశాక మళ్ళీ మూటలు కట్టారు. బూట్లు ఆమె తీసుకోనివ్వలేదు. మునిలక్ష్మమ్మ జీతగాడు ఎవరో వాటిని సంబరంగా పట్టుకుపోయాడు, వాడి ఖర్మ. వీపు మానలేదు, భుజాలు కమిలిపోయి ఉన్నాయి, కుప్పం ఇంకా అంతే దూరం. ఆమె నిట్టూర్చి తిత్తి తాడు అందుకోబోయింది.

ముక్తియార్ కాళ్ళకు గుడ్డలు చుట్టుకుని కుంటుతూ వచ్చి ఆమె పాదాల వంక చూశాడు. చూసి, ఎటో తిరిగి అన్నాడు: "ముల్లూ గాజుపెంకూ సూసుకోని నడువు. మన కూడు ఇప్పుడు నీ మడమల్లో ఉండాది."

"అట్లయితే తిత్తి నువ్వు మొయ్యి," అంది బీబీజాన్.

అతను తిత్తి వీపుకెత్తుకున్నాడు. ఆమె ఉత్త చేతులతో ముందు నడిచింది.