ఖాతూన్ బీ పొయ్యి బూడిద

పొద్దున్నే పొయ్యి రాజేసే ముందు ఖాతూన్ బీ నిన్నటి బూడిదను చేటలోకి తీస్తుంది. బొగ్గుముక్కలు ఏరేసి, పాత చీరపేలికలో జల్లించి, వేలి కొసన చిటికెడు తీసుకుని పాక ముందున్న మంచం దగ్గరికి వెళ్తుంది. మంచం మీద ఆమె భర్త మీరా సాహెబ్ నోరు తెరుస్తాడు. ఆమె ఆ బూడిద ఆయన నాలుకకు రాస్తుంది. ఆయన కళ్ళు మూసుకుని చప్పరించి "ఊ" అంటాడు. ఆ "ఊ" వినపడ్డాక గాని ఆమె గంజికి ఎసరు పెట్టదు.

కొత్తగా చూసినవాళ్ళు ఇదేదో దర్గా మొక్కు అనుకుంటారు. మొక్కు కాదు, సేద్యం.

గురజాలకు ఇవతల నాగులేటి ఒడ్డున, సర్కారు లైసెన్సు మీద గంజాయి పండించిన నల్లరేగడి చేను వాళ్ళది. పూత గట్టిగా, జిగురుగా రావాలి. రాకపోతే అబ్కారీ వాళ్ళు మరుసటేడు లైసెన్సు ఇస్తారో లేదో చెప్పలేం. ఆ పూత సంగతులన్నీ మీరా సాహెబ్‌కే తెలుసు. అచ్చంపేట వైపు మిరపతోటల ఇంట పుట్టిన ఖాతూన్ బీ ఆయన వెనకాల కలుపు తీసింది, ఆయన చూపించిన మగమొక్కలు పీకేసింది. ఏ ఎరువు ఎప్పుడు వెయ్యాలో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒక ఏడు, సరిగ్గా మొక్కలు మొగ్గ తొడిగే వేళకు, మీరా సాహెబ్‌కు పక్షవాతం వచ్చింది. కుడిపక్కంతా పడిపోయింది. మాటల్లో "ఊ", "ఊహూ" మాత్రం మిగిలాయి. ఎడమచేత్తో పదేపదే చేనువైపు చూపిస్తుంటే, ఖాతూన్ బీ మంచాన్ని పాక బయటికి లాగి చేనుకు ఎదురుగా వేసింది. అప్పుడు ఆయన కుదుటపడ్డాడు.

నరసరావుపేట నుంచి ఆయన తమ్ముడు అబ్దుల్ మజీద్ చూడటానికి వచ్చాడు. వస్తూ వస్తూ ఎట్లాగో సంపాదించిన సీమ ఎరువు, ఉప్పులా తెల్లగా ఉండేది, ఒక మూట తెచ్చాడు.

"పూత మీద ఇది చల్లు వదినా. చెరువు కింద మా వరికేస్తే చానా ఏపుగా వచ్చింది."

"దీనికి ఏపుతో ఏం పని మజీదూ? పూత గదా కావాల్సింది."

"అబ్బో, మా వదిన కూడా సేద్యం చెప్పేదయిపోయింది!" అని నవ్వి, అన్న వంక చూసి గొంతు తగ్గించాడు. "నా మాట విను. ఈ ఏడు పూత తప్పిందంటే చేను నాకొదిలేసి పేటకొచ్చెయ్యండి. అన్నని నేను చూసుకుంటా. ఒక్కదానివి ఎంతకని చస్తావు?"

అతను ప్రేమతోనే అన్నాడు. కానీ మంచం మీద మీరా సాహెబ్ మొహం చేనువైపు తిప్పుకున్నాడు. పేటలో మంచం వేస్తే ఆయనకు ఎదురుగా ఉండేది గోడే. చేను పోతే ఈ మనిషి బతకడని ఖాతూన్ బీకి ఆ క్షణానే తెలిసిపోయింది.

ఏం వెయ్యాలి? మజీద్ మూట ఉంది. పుట్టింట్లో మిరపకు వేసే వేరుశనగ చెక్క ఉంది. రెండిటికీ ఆమె మనసు ఒప్పలేదు. గిన్నెలు తోముతుంటే గుర్తొచ్చింది. ఏటా పూత వేళకు ఆయన "ఏమే, పొయ్యిలో బూడిద పారబొయ్యబాక" అని కేకేసేవాడు. గిన్నెలు తోముకోవడానికి కూడా మిగల్చడని తను దెబ్బలాడేది. మాగిన దిబ్బ ఎరువులో బూడిద కలిపి మొక్కల మొదట్లో వేసేవాడు. అదే వెయ్యాలి!

ఒక్క పొయ్యి బూడిద ఏ మూలకు? పక్క చేను యల్లమంద ఈ సంగతి విని బండెడు తోలుకొచ్చాడు. "బట్టీ కాడ కుప్పలు పడుంది అత్తా, ఊరికేనే" అన్నాడు. అసలే కదల్లేని మనిషిని కంగారు పెట్టడం ఎందుకని ఖాతూన్ బీ భర్తకు చెప్పలేదు. రెండు సాళ్ళకు వేసి, చేతులు కొంగుకు తుడుచుకుని, ఆయనకు గంజి తాపడానికి వచ్చింది.

ఆమె వేళ్ళు పెదవులకు తగిలాయో లేదో, ఆయన ఉమ్మేశాడు. "ఊహూ! ఊహూ!" అంటూ ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకుని ఆమె నోటివైపే నెట్టాడు. ఆమె వేలు నాకి చూసుకుంది. తాంబూలంలో సున్నం ఎక్కువైనట్టు చురుక్కుమంది. బండి దగ్గరున్న యల్లమందను కేకేసింది.

"అయ్యో నా తండ్రీ, ఇది సున్నపు బట్టీ బూడిదరా యల్లమందా! అసలే సున్నపు గులకల నేల మాది!"

ఇద్దరూ పరుగున పోయి ఆ సాళ్ళలో పైమట్టి గీకి ఎత్తిపోశారు. యల్లమంద మంచం దగ్గర చతికిలబడ్డాడు. "సాయిబు మావా, ఆ మంచికాలితో ఒక్క తన్ను తన్ను నన్ను." మీరా సాహెబ్ గొంతులోంచి గరగరమని ఏదో వచ్చింది. అది నవ్వని పోల్చుకోవడానికి ఖాతూన్ బీకి కాస్త సమయం పట్టింది. జబ్బు పడ్డాక అదే మొదటి నవ్వు. చెప్పకుండా దాచి తను ఎంత పొరపాటు చేసిందో అప్పుడు అర్థమైంది ఆమెకు.

ఆ మర్నాటి నుంచి ఊళ్ళో ఏ ఇంటి బూడిద తట్ట వచ్చినా మంచం దగ్గర ఆగాల్సిందే. ఆయన రుచి చూసి "ఊ" అంటేనే చేలోకి పోయేది.

"ఏం సాయిబన్నా, మా ఇంటి బూడిదకు ఉప్పు సరిపోయిందా?" అని ఆదిలక్ష్మమ్మ తట్ట దించుతూ వేళాకోళం చేసింది.

"ఊహూ."

"ఓయమ్మో! మా కోడలు ఇల్లూడ్చిన దుమ్ము కలిపినట్టుంది, ఈయనకెట్టా తెలిసిందే!"

సున్నం పడ్డ ఆ రెండు సాళ్ళూ పసుపుబారి ఎండిపోయాయి. తక్కిన చేనంతా పూత విరగబట్టింది. కోతల ముందు మజీద్ వచ్చి చేనంతా తిరిగాడు. తిరిగొచ్చేసరికి పూత జిగురుకు అతని వేళ్ళు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. అన్న పక్కన మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"నా మూటేది వదినా?"

"అటక మీద అట్టనే ఉంది. మీ వరికి తీసకపో."

మూట బండికెత్తుకున్నాడు. పేటకు రమ్మన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

సర్కారు లైసెన్సులు ఆపేసింది గనక ఈ ఏడు ఆ చేలో గంజాయి లేదు, మిరప వేశారు; దానికీ ఆయన "ఊ" అన్న బూడిదే. మీరా సాహెబ్ మంచం మాత్రం ఆ పాక ముందే, చేనుకు ఎదురుగా ఉంది.