బస్టాండు బెంచీ మీద ముద్దమందారం

ఆ రోజుల్లో మనుషుల్ని ఇట్టే పసిగట్టగలనని నాకు మహా ధీమా. (ఎందుకంత ధీమా అంటే ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.) నందిగామలో ఒక ప్రైవేటు బడిలో కొత్తగా టీచరుగా చేరాను. పలకరించే తోటివాళ్లు లేరు, అద్దెగదిలో నేనూ నాలుగు గోడలూ. అలాంటి సమయంలో ఫోన్లో మొక్కల పెంపకం గ్రూపులో పరిచయమైంది ముద్దమందారం. ఆ పేరు నేను పెట్టిందే. ఆమె ప్రొఫైల్లో మొహం ఉండాల్సిన చోట ఆ పువ్వే ఉండేది. చందర్లపాడులో ఉంటానంది, బట్టలు కుడతానంది. సాయంత్రం ఆమెతో కాసేపు కబుర్లాడకపోతే నాకు అన్నం సయించేది కాదు. చివరికి ఒక ఆదివారం నందిగామ బస్టాండులో కలిసి మొక్కలు మార్చుకుందామనుకున్నాం.

జగ్గయ్యపేటలో కిరాణా కొట్టు నడిపే మా మేనత్తకి ఈ సంగతి తెలిసింది. "మొహం చూపించని మనిషితో స్నేహమేంటే? పువ్వు వెనకాల మీసాలుంటేనో?" అంటూ ఆదివారం పొద్దున్నే కొట్టు మావయ్యకి అప్పగించి బస్సు దిగింది. (ఊరూ ఇంటిపేరూ అడిగి, ఎక్కడో ఒకచోట చుట్టరికం తగిలితే తప్ప అత్తయ్య ఎవరినీ నమ్మదు. తగిలిందా, ఇక ఇంటి తాళాలైనా ఇచ్చేస్తుంది.) నేనూ తక్కువ తినలేదు. పసుపు చున్నీలో వస్తానని మందారానికి చెప్పి, నీలం చున్నీ వేసుకెళ్లాను. ముందు దూరం నుంచి చూసి, మంచిదే అనిపిస్తే అప్పుడు బయటపడదామని నా ఎత్తు.

ఎర్ర చున్నీలో వస్తానన్న మందారం ఎంతకీ రాలేదు. "ఎక్కడున్నారు?" అని మెసేజ్ పెడితే "దార్లో ఉన్నానండి, మీరో?" అని జవాబు. నేనూ దార్లోనే ఉన్నానని పెట్టాను. ఈలోపు అత్తయ్య బెంచీ మీద మా పక్కనున్న ఆకుపచ్చ చుడీదార్ అమ్మాయిని కదిపింది. "మా అమ్మమ్మది చిల్లకల్లండి" అందా అమ్మాయి. "చిల్లకల్లా! మా తోడికోడలి పుట్టిల్లేగా!" అని మురిసిపోయి, డబ్బుల సంచీ ఆమె ఒళ్లో పెట్టి, చిల్లర మాత్రం పట్టుకుని జామకాయలు కొనడానికి వెళ్లింది అత్తయ్య.

నేను మాత్రం ఊరుకున్నానా? "ఫోన్లో పరిచయమైన ఒకామె కోసం చూస్తున్నానండి. ఎర్ర చున్నీ అంది, జాడే లేదు. ఒట్టి మోసగత్తెలా ఉంది" అని గోడు వెళ్లబోసుకున్నాను.

ఆ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, మెల్లగా అంది. "మీది పసుపు చున్నీ ఉండాలి కదండీ?"

ఈమే మందారం! ఉన్న ఒక్క స్నేహితురాలినీ మొహం మీదే మోసగత్తె అన్నాను. ఆమె కళ్లలో నీళ్లు. "నేనూ భయపడే రంగు మార్చానండి. మీ ప్రొఫైల్లో మాత్రం మొహం ఉందేంటి, సన్నజాజులేగా!" అంటూ సంచీ నా చేతికిచ్చి లేచింది. సరిగ్గా అప్పుడే జామకాయలతో వచ్చిన అత్తయ్య సంగతి విని, "చిల్లకల్లు పిల్లనని ముందే చెప్పుంటే నేను రావాల్సిన పనే లేదుగా! కూర్చోవే" అని ఆమె చెయ్యి పట్టి లాగింది. నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయింది మందారం. తడిగుడ్డలో చుట్టి తెచ్చిన కొమ్మ తీసి నా ఒళ్లో పెట్టింది.

ఇప్పుడు నా క్లాసు పిల్లలకి చెబుతుంటాను, ఫోన్లో పరిచయమైన వాళ్ల దగ్గరికి ఒంటరిగా వెళ్లొద్దని, పెద్దవాళ్లని వెంటబెట్టుకుని నలుగురు తిరిగే చోటే కలవాలని. అది మంచి మాటే. ఆ కొమ్మ ఇప్పుడు మా వాకిట్లో నా ఎత్తు చెట్టయింది. మేం కలిసే ప్రతిసారీ మందారం నా వెనకే నిలబడి "ఎర్ర చున్నీలో ఉన్నా" అని మెసేజ్ పెడుతుంది. అప్పుడల్లా ఆ నీలం చున్నీ పిల్ల గుర్తొస్తుంది. తను అబద్ధం కప్పుకుని ఎదుటి మనిషి నిజం తేల్చడానికి బయల్దేరినందుకు నవ్వొస్తుంది. పాపం, దానికి ఒక స్నేహితురాలు ఎంత అవసరమో తలుచుకుంటే, దగ్గరికి తీసుకోవాలనీ అనిపిస్తుంది.