యాదిరెడ్డి గారు మోటర్ ఆపినా తగ్గని అదురు

భూకంపాలను పసిగట్టే యంత్రాన్ని దగ్గర్నుంచి చూడాలని నాకు ఎప్పటినుంచో సరదా. మా బావమరిది ప్రసాద్ అలాంటి యంత్రం ఉన్న కేంద్రంలోనే పనిచేస్తాడు గనుక ఎప్పుడైనా వెళ్లొచ్చులే అనుకుంటూ అల్వాల్‌లో నాలుగేళ్లు గడిపేశాను. "చూడాలంటే ఈ వారమే రండి బావగారూ, దాన్ని ఎత్తేస్తున్నారు" అని ఫోన్ చేశాక గాని కదల్లేదు.

2005 వేసవిలో ఓ శనివారం పొద్దున ఎనిమిదింటికి శామీర్‌పేట బస్సెక్కాను. అక్కడ దిగి తుర్కపల్లి వైపు షేర్ ఆటోలో కూర్చుంటే పది రూపాయలు, అరగంట ప్రయాణం. "భూకంపం మిషనా సార్? యాదిరెడ్డి పటేల్ చెలకల ఉంటది. ప్లాట్ల కాడ దిగి నడువుండ్రి" అన్నాడు డ్రైవర్. ప్లాట్లలో సున్నం పూసిన రాళ్లు, రంగు జెండాలు, వరసగా కంకర లారీలు, ఓ రోడ్డు రోలర్. అవి దాటితే చెలక, అంటే మెట్ట చేను, అందులో పెద్ద బండ, దాని మీద ఒంటిగది.

లోపల కాగితం చుట్టిన డ్రమ్ము మెల్లగా తిరుగుతోంది, సూది గీత గీస్తోంది. "ఏది భూకంపమో, ఏది మనిషి పనో దీనికి తెలియదు. బండ అదిరితే గీసేయడమే" అన్నాడు ప్రసాద్. "ఇదివరకు త్రీఫేజ్ కరెంటు రాగానే ఊళ్లో బోరు మోటార్లన్నీ ఒక్కసారే మొదలై గీత లావెక్కేది, కరెంటు పోతే సన్నబడేది. ఇప్పుడు పగలంతా లావే. దూరాన వచ్చే చిన్న భూకంపం ఈ రొదలో కలిసిపోతోంది."

గుమ్మంలో కూర్చున్న యాదిరెడ్డి గారు అంతా వింటున్నారు. యంత్రానికి చోటిచ్చింది ఆయనే. ఎక్కడ భూమి అదిరినా ముందు తన చెలకకే తెలుస్తుందని చుట్టాలందరికీ చెప్పుకునే మనిషి.

"వారం దినాలాయె సారూ, నా మోటర్ బంద్ వెట్టి. టమాట మడి ఎండిపాయె. గీత సన్నగ గాలేదా? ఇగ మిషన్ ఉంచుతరా?"

ప్రసాద్ గుమ్మంలోంచి ప్లాట్ల వైపు చూపించాడు. "మీ మోటర్ వల్ల కాదండీ, ఆ లారీల వల్ల."

లారీలు తిరుగుతున్నది నిరుడు ఆయన అమ్మిన భూమిలోనే. "ఇండ్లు కడతరనుకున్న గని, గీ మిషన్ వోతదని నాకేమెరుక" అన్నారాయన.

ఇంతలో త్రీఫేజ్ కరెంటొచ్చింది. ఆయన వెళ్లి మోటర్ వేసి, గబగబా తిరిగొచ్చి కాగితం మీదకు వంగారు. తొట్టిలో నీళ్లు పడుతున్న చప్పుడు మాకు వినిపిస్తూనే ఉంది. గీత మాత్రం ఎప్పటి లావునే సాగింది, మోటర్ వేసిన చోటేదో మా ముగ్గురిలో ఎవరికీ అంతుపట్టలేదు.

"నా మోటర్ కానొస్తనే లేదు గద" అన్నారు, ఇంకా కాగితం వైపే చూస్తూ.

తిరుగు ప్రయాణంలో మనసంతా చేదుగా ఉంది. ఆ ప్లాట్ల కరపత్రాలు మా కాలనీలోనూ ఇంటింటికీ పంచారు, ఓ ఆదివారం చూసొద్దామని మేమూ అనుకున్నాం. మేం చేరబోయే చోట ఒక యంత్రం చెవి ఒగ్గి వింటోందని, మా రాకతోనే దానికి వినిపించకుండా పోతుందని ఎవరం అనుకుంటాం? మీ దగ్గర్లో ఇలాంటి కేంద్రం ఉంటే ముందుగా అనుమతి తీసుకుని, ఆదివారం పెందలాడే వెళ్లండి. పనులు మొదలవకముందు ఆ గీత సన్నగా, తిన్నగా ఉంటుందట. నాకది చూసే యోగం లేకపోయింది.