ఒక సైజు తక్కువ గాజులు

వాసవాంబ ప్రేమగా మాట్లాడిందంటే ఎవరికో కీడు మూడిందని మా తేరువీధిలో చంటిపిల్లలకు కూడా తెలుసు. అట్లాంటిది, ఆ శుక్రవారం పొద్దున ఆమె తన మేనకోడలు గడ్డం పుచ్చుకుని "నా తల్లే, నా బంగారే" అంటూ ఉంటే, చేటలో బియ్యం చేటలోనే వదిలేసి తిన్నె దిగాను. తిరువళ్లూరులో వాళ్ళ ఇల్లూ మా ఇల్లూ ఎదురెదురు. ఎదురింట్లో ఏం జరుగుతోందో తెలియకుండా నాకు అన్నం దిగదు.

వాళ్ళు శెట్లు. వాళ్ళది నాటుమందుల అంగడి. శొంఠి, పిప్పళ్ళు, వస, పురిటాళ్ళకు పెట్టే లేహ్యం అన్నీ అక్కడే. పాండూరు నుంచి కనకమ్మ సత్రం దాకా ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా లేహ్యం మాత్రం వాళ్ళ అంగడిదే. అంగడి పేరుకు తమ్ముడు గుర్నాథానిది, పెత్తనం అక్క వాసవాంబది. ఆమె పదహారేళ్ళకే మొగుణ్ణి పోగొట్టుకుని పుట్టింటికి వచ్చి చేరింది. అప్పటినుంచీ తెల్లచీర, బోడి చేతులు. గుర్నాథం భార్య బిడ్డను కని కన్ను మూస్తే ఆ బిడ్డను పెంచింది కూడా ఆమే. ఆ బిడ్డే అలమేలుమంగ. పెంచింది నిజం, కాదనను. పెంచినందుకు రోజూ వడ్డీ వసూలు చేసింది, అదీ నిజమే.

గుర్నాథానికి చక్కెర జబ్బు. కాలి బొటనవేలు పుండు పడి మానలేదు. అంగడిలో ఉన్న పొడులన్నీ చల్లి చూసి, చివరికి సర్కారు ఆస్పత్రికి వెళ్ళాడు. తోడు వెళ్ళింది అలమేలు. పుండు కడుగుతుంటే ఎవరైనా ముఖం తిప్పుకుంటారు. ఈ పిల్ల ఇంకా దగ్గరికి వంగింది. అక్కడి నర్సు కోకిల అది చూసి, పట్టుకోమని పళ్ళెం చేతికిచ్చింది. నెల తిరక్కుండా అలమేలు కట్టు కట్టడం నేర్చుకుంది. తండ్రి వేలు నిలిచింది, ఈ పిల్ల మనసే ఇంట్లో నిలవలేదు.

దారి చూపించింది కోకిలే. డెబ్బై నాలుగో సంవత్సరం, అరవల ఆవణి నెలలో చేరేటట్టు మెడ్రాసు నర్సు స్కూల్లో చోటు దొరికింది. చేరే రోజు చేతులకు ఒక్క గాజు ఉండకూడదు, తలలో పువ్వు ఉండకూడదు, ఉంటే గేటు దగ్గరే వెనక్కి పంపిస్తారని కోకిల మరీ మరీ చెప్పి పంపింది.

ఈ మాట ఇంట్లో పడిన రోజు వాసవాంబ అరుపులు వీధి చివరి దాకా వినిపించాయి.

"తెల్లబట్టా, బోడి చేతులా? పెండ్లి కాకముందే ముండమోపి యేషమా? ఈ ఇంటికి నేనొకదాన్ని చాల్లేదా?"

"అది యూనిఫారం అత్తా."

"ఊరోళ్ళ పురుడు, ఊరోళ్ళ చీము, ఊరి మగోళ్ళ ఒళ్ళు! అదంతా తుడిచిన చేత్తో నాకు అన్నం పెడ్తావా?"

"ఊరోళ్ళ పురుటితోనే కదత్తా మనం అన్నం తినేది? లేహ్యం ఎవురికి అమ్మతా ఉండాం?"

చెంప చెళ్ళుమంది. గుర్నాథం మాత్రం అంగట్లో కూర్చుని కల్వంలో శొంఠి నూరుతూనే ఉన్నాడు. ఆ మనిషికి దేవుడు నోరిచ్చింది ఆవలించడానికేనని నేను ఎన్నోసార్లు అనుకున్నాను.

ఆ తర్వాత అలమేలుతో ఇంట్లో మాటల్లేవు. వంటింటి గడప తొక్కనివ్వలేదు. ఆ పిల్ల తాగిన చెంబును బోర్లించి బూడిదతో తోమించేవాళ్ళు. వాసవాంబ వీధిలో అమ్మలక్కలకూ నూరిపోసింది. వరలక్ష్మి నోముకు పిలిచిన ఇళ్ళల్లో ఆ పిల్ల దాకా వచ్చేసరికి తాంబూలం పళ్ళెం పక్కకు తిరిగిపోయింది.

అట్లాంటి వాసవాంబ, సోమవారం పిల్ల ప్రయాణమనగా, శుక్రవారం గడ్డం పుచ్చుకుంది! తిన్నె మీద గాజుల చెంగయ్య గాజులు గుచ్చిన మలారాలు విప్పి కూర్చుని ఉన్నాడు. అతనిది తిరుత్తణి. కొండ మెట్ల కింద అంగడి ఉంది, శుక్రవారాలు మా ఊరు వస్తాడు.

"పొయ్యేది ఎట్లాగూ పోతాది. నిండు చేతుల్తో పోనీ అంటా ఉండా ధనకోటీ," అంది నన్ను చూసి. "నా చేతుల్లో పెరిగిన బిడ్డ కదా."

అలమేలు నా చెవిలో, "ఏసుకుంటాలే పెద్దమ్మా, అత్తకు సంతోషం. రైలు పట్టాభిరామ్ దాటినాక తీసి సంచిలో పెట్టుకుంటా," అంది.

చెంగయ్య ఆ పిల్ల అరచెయ్యి మడిచి, కణుపులు నొక్కి, సబ్బు నురగ పూసి ఎక్కించాడు. ఆకుపచ్చ గాజులు, రెండు చేతులకూ జానెడు పొడుగున. పిల్ల పెదవి కొరుక్కుంటూ ఉంటే, "బిగువుంటేనే అందం పాపా" అన్నాడు. వాసవాంబ చివరి గాజు ఎక్కేదాకా రెప్ప వేయకుండా చూసింది.

సాయంకాలం మా పెరట్లో ఒకటి తీసి చూడబోతే రాలేదు. ఆముదం పూశాం, సబ్బు పూశాం. బొటనవేలి ఎముక దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది. పగలగొడితే పోలేదా అంటారేమో. మా వైపు ఆడదాని చేతి గాజులు పగలగొట్టేది మొగుడు పోయిన పదోరోజున. పెళ్ళికాని పిల్ల పగలగొట్టుకుంటే ఆ కీడు కన్నతండ్రికి తగులుతుందంటారు. ఆ తండ్రి చూస్తే చక్కెర జబ్బు మనిషి.

శనివారం మురుగన్ దర్శనమని చెప్పి ఇద్దరం తిరుత్తణి బస్సెక్కాం. కనకమ్మ సత్రంలో ఎక్కిన ఆడవాళ్ళు ఆ పిల్ల చేతులు చూసి, పెళ్ళెప్పుడని అడగడమే అడగడం.

"ఇవి తీసెయ్యన్నా, బిగువు," అన్నాను చెంగయ్యతో.

"వేరేటివి ఎయ్యాల్నా?"

"వద్దు. చేతులు ఉత్తవిగా ఉండాల."

అతను మలారం పక్కన పెట్టేశాడు. "ఆ పని నాది కాదమ్మా. ఒకటి తీస్తే ఇంకొకటి ఎక్కిస్తా. పడుచుపిల్ల చేతులు బోడి చేసి పంపిస్తే రేపు నన్ను ఏ పెండ్లింటికి పిలస్తారు?"

"మరి ఇంత బిగువు ఎందుకు ఎక్కిస్తివి? నీ కండ్లు యాడ పెట్టుకోని ఉంటివి?"

"నన్నంటావేంది? ఒక సైజు తక్కువ ఎయ్యమనింది ఆయమ్మే. మల్లా ఊడి రాకూడదు అనింది. ప్రేమ అనుకుంటిని."

మెట్ల దగ్గర జనం అరోహరా అంటూ కొండెక్కుతున్నారు. అలమేలు ఏడవలేదు. తన చేతులను ఎవరివో అన్నట్లు కాసేపు చూసుకుంది.

"పెద్దమ్మా, వేలు వాస్తే ఉంగరం ఎట్లా తీస్తారో కోకిలక్క చూపించింది. వేలికి వచ్చేది చేతికి రాదా?"

"మా పెరట్లోకి రా, రేపు చూద్దాం."

"మీ పెరట్లో ఎందుకు? దొంగతనమా? మా ఇంట్లోనే తీస్తా. అత్త చూడనీ."

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ నడవలో చాప వేసుకుని కూర్చుంది. చెయ్యి పైకెత్తి పట్టుకుని, నన్ను బావి చన్నీళ్ళు ధారగా పొయ్యమంది. వాపు తీసినాక పాత చీర పేలిక సన్నగా చించి, వేళ్ళ కొసల నుంచి మణికట్టు దాకా బిగించి చుట్టించింది. ఎముకలు దగ్గరికి వచ్చాయి. పేలిక మీద ఆముదం పూసి గాజును మెల్లగా లాగితే, జారి నా చేతిలో పడింది.

వాసవాంబ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. "ఒకటి పగిలిందా, మీ నాయిన పీనుగు ఈ నడవలోనించే లేస్తాది."

"పగలవు అత్తా. మెల్లిగానే తీస్తా ఉండా."

"నీకేం మే ధనకోటీ ఈడ పని? నీ ఇంట్లో చావులు చాల్లేదా?"

"ఉండాయిలే అక్కా. నీ మాదిరి వాటిని ముందుగా పిలిచే అలవాటు నాకు లేదు," అన్నాను. గాజులు ఒక్కొక్కటిగా పళ్ళెంలో చేరుతున్నాయి. ఎడమ చెయ్యి ఖాళీ అయింది. కుడి చేతికి చివరి గాజు మిగిలింది. అప్పటికి చర్మం లేచిపోయి నెత్తురు కారుతోంది. మళ్ళీ నీళ్ళు పోశాను, మళ్ళీ చుట్టాను. రాలేదు. ఇంకోసారి చుట్టబోతే చెయ్యి ఉబ్బిపోయింది.

వాసవాంబ నవ్వింది. ఆ నవ్వు ఈనాటికీ నాకు రోత. "ఒకటున్నా చేర్చుకోరంట కదా! పో తల్లే, పో. యాడికి పోతావో పో!"

అలమేలు గాజు వైపు చూసింది, గోడ వైపు చూసింది. గోడకేసి కొడితే ఒక్క క్షణం పని. కొట్టలేక కూర్చుంది.

అప్పుడు గుర్నాథం అంగట్లోంచి కుంటుకుంటూ వచ్చాడు. చేతిలో కల్వం గుండు ఉంది, శొంఠి పొడి దానికి అంటుకునే ఉంది.

"గడప మీద పెట్టు పాపా చెయ్యి," అన్నాడు. పేలికను మడిచి గాజు కింద దూర్చాడు.

"తమ్ముడా! నీ చావు నువ్వే కొని తెచ్చుకుంటావా?"

"నా చావు చూపించే కదక్కా దీన్ని బెదిరిస్తా ఉండావు. అది నాది. నువ్వు ఎత్తి వాడుకుంటే ఎట్లా?"

ఒకే దెబ్బ. పచ్చటి ముక్కలు గడపకు అటూ ఇటూ పడ్డాయి.

వాసవాంబ పెరట్లోకి వెళ్ళి, కట్టుబట్టతోనే తల మీద బిందెడు నీళ్ళు గుమ్మరించుకుంది, చావు కబురు విన్నవాళ్ళ మాదిరి. సోమవారం తండ్రీ కూతుళ్ళు స్టేషన్‌కు బయలుదేరితే వీధిలో తలుపులన్నీ వేసి ఉన్నాయి. కిటికీలు మాత్రం తెరిచే ఉన్నాయి.

అలమేలు నర్సయింది. కొన్నాళ్ళకు తిరుత్తణి ఆస్పత్రికే వచ్చింది. పగలకుండా వచ్చిన గాజులను వాసవాంబ దారం కట్టి నడవలో మేకుకు తగిలించింది. "ఉద్యోగం మానిన పొద్దు ఏసుకో" అంది. సెలవుకు వచ్చినప్పుడల్లా పిల్లకు పెరట్లోనే ఆకు వేసేది. ఆ పిల్ల ఆ మేకు కింది నుంచి తల వంచకుండా వెళ్ళి, పెరట్లో తిని, తండ్రి కాలు చూసి వెళ్ళిపోయేది.

గుర్నాథం ఆ తర్వాత పదేళ్ళు బతికాడు. గుండె ఆగి పోయాడు. అలమేలు డ్యూటీ నుంచి అట్లాగే తెల్లచీరతో వచ్చింది. శవం నడవలోనే ఉంది. వాసవాంబ అన్నేళ్ళు దాచిపెట్టుకున్న మాట అప్పుడు బయటికి తీసింది.

"చూసినారా అందురూ! ఆ పొద్దు పగలగొట్టిన గాజు! నే చెప్పలా?"

అలమేలు తండ్రి తల సరిచేసి లేచింది. "పదేండ్లు పట్టిందా అత్తా, ఒక గాజు పని చేసేదానికి? మన అంగడి లేహ్యం కూడా ఇంత నిదానం కాదే."

నేను చీర చెంగు నోట్లో కుక్కుకున్నాను. వాసవాంబ కొట్టడానికి చెయ్యెత్తింది. అలమేలు ఆ మణికట్టు పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. రెండూ బోడి చేతులే. కాసేపటికి గానీ ఆ పిల్ల నాడి చూస్తోందని నాకు తెలియలేదు.

"పెద్దమ్మా, అత్తను కూర్చోబెట్టు. కండ్లు తిరగతా ఉండాయి. నీళ్ళు నేను తెస్తా."

"నీ చేతి నీళ్ళు నాకొద్దు," అంది వాసవాంబ, పడిపోతూ కూడా.

పిల్ల చెంబు నిండా తెచ్చి నా చేతికిచ్చింది. నేను తాగించాను. వాసవాంబ కడదాకా తాగి, ఊపిరి తీసుకుని, ఆ చెంబు బోర్లించి బూడిదతో తోమమని నాకే చెప్పింది.